చుక్కల సొరను వదిలిన రోజు

జోసఫ్ రాజు కబడ్డీ కోర్టులు గీసే సున్నంతోనే స్కూలు మైదానంలో ఒక తిమింగలాన్ని గీశాడు. గోల్ పోస్టు దగ్గర తల, సైకిళ్ళ షెడ్డు ముందు తోక. గీయడం అయ్యాక ఈల వేసి ఆరు, ఏడు తరగతుల పిల్లలందర్నీ ఆ గీత లోపల కూర్చోమన్నాడు. అందరూ కూర్చున్నా తోక వైపు ఇంకా చోటు మిగిలింది.

"ఇంత ప్రాణాన్నిరా, ఓడ మీంచి ఈటె పేల్చి చంపుతున్నారు," అన్నాడు. అంటూంటేనే గొంతు పట్టేసింది. ఎండలో నిలబెట్టి గుంజీలు తీయించే డ్రిల్లు మాస్టారి గొంతు అలా పోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు. వెనక నవ్వబోయినవాళ్ళు నవ్వు మింగేశారు.

అది 2005. అంతకు ముందు వారమే శాలిని అనే అమ్మాయి విశాఖపట్నం నుంచి నర్సీపట్నం వచ్చింది. సముద్ర జీవుల్ని కాపాడే సంఘంలో పనిచేస్తుంది. చర్చి వాళ్ళ హైస్కూల్లో ఏదైనా చూపించుకోనిస్తారా అని అడిగి, హాల్లో తెర కట్టి సినిమా వేసింది. దక్షిణ ధ్రువం దగ్గర జపాను ఓడలు తిమింగలాల్ని వెంటాడటం, పరిశోధన కోసమని చెప్పి చంపడం, తల్లి చుట్టూ పిల్ల తిరగడం. పిల్లలు కాసేపటికే కబుర్లలో పడ్డారు. తలుపు దగ్గర క్రమశిక్షణ కోసం నిలబడ్డ జోసఫ్ రాజు మాత్రం కదల్లేదు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం దగ్గర కూర్చుని, "అది అరుస్తుంది సువర్ణా. నీళ్ళ కింద అరిస్తే మనకి వినపడదు, అంతే," అన్నాడు భార్యతో.

జపాను రాయబార కార్యాలయానికి పిల్లల చేత కార్డులు రాయించాడు. పేపరు జిల్లా పేజీలో సున్నం తిమింగలం ఫొటో పడింది. బజార్లో కూరగాయలవాళ్ళు కూడా 'తిమింగలం మాస్టారు' అనడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్ళ డ్రిల్లు ఉద్యోగంలో ఎవరూ ఆయన్ని ప్రత్యేకంగా ఏమీ అనలేదు. ఆ పిలుపు ఆయనకి బాగుంది. చొక్కా ఇస్త్రీ లేకుండా బజారుకి వెళ్ళడం మానేశాడు.

"మాస్టారూ, దక్షిణ ధ్రువం దాకా మనం వెళ్ళలేం. మన ఒడ్డునే ఒక పని ఉంది," అంది శాలిని తర్వాతసారి వచ్చినప్పుడు. ఒళ్ళంతా తెల్లచుక్కలున్న పెద్ద సొర గురించి చెప్పింది. బస్సంత చేప. పళ్ళు ఉన్నా కరవదు. నోరు తెరుచుకుని నీళ్ళలోని నలుసుల్లాంటి జీవాల్ని తిని బతుకుతుంది. చలికాలం వెళ్ళే రోజుల్లో మన తీరానికి వస్తుంది. దాన్ని చంపకూడదని 2001లోనే చట్టం వచ్చింది. కానీ వలలో పడితే చంపి కాలేయం నూనె తీసి తెప్పలకి పూస్తున్నారు, రెక్కలు ఎవరో కొనుక్కుపోతున్నారు. "పోలీసుల్ని పంపితే భయపడతారు, మారరు. వాళ్ళు నమ్మే మనిషి కావాలి."

జోసఫ్ రాజుకి వెంటనే గణపతి గుర్తొచ్చాడు.

గణపతిది పాయకరావుపేట అవతల రాళ్లదిబ్బ అనే చేపలు పట్టే పల్లె. నర్సీపట్నం హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాడు. చదువు అంతంతమాత్రం. కూతకి వెళితే మాత్రం ఇద్దర్ని తాకకుండా తిరిగొచ్చేవాడు కాదు. జోసఫ్ రాజు పొట్టి ఈల ఒకటి వేసి చెయ్యి చాపితే చాలు, అవతల ఎంతమంది ఉన్నారో చూసుకోకుండా గీత దాటేసేవాడు. ఆ కుర్రాణ్ణి తొంభై ఆరులో జిల్లా పోటీలకి తీసుకెళ్ళింది ఆయనే. ఇప్పుడు పెళ్ళయి, కూతురు పుట్టి, మేనమామ నూకయ్య తెప్ప మీద వేటకి వెళుతున్నాడు.

జోసఫ్ రాజు పల్లెకి వెళ్ళేసరికి గణపతి ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మాస్టారిని చూసి లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

నలుగురూ చేరాక మాస్టారు విషయం చెప్పాడు. నూకయ్య చుట్ట వెలిగించుకుని అంతా విన్నాడు.

"సొరని వదలమంటే వదుల్తాం బాబూ. దాన్ని పట్టాలని ఎవుడూ ఎల్లడు. అదే వొచ్చి పడిపోద్ది. పడినాక వల కొయ్యాల. పోయిన వల ఎవుడు నేస్తాడు?"

"సంఘం వాళ్ళు వల ఇప్పిస్తారు, నేను మాట్లాడతాను."

"వల సరే. దాని దగ్గిరికి ఎల్లడం మాటేటి? కరవదు గానీ, తోక ఇదిలించిందంటే తెప్పే తిరగబడిపోద్ది."

గణపతే కల్పించుకున్నాడు. "మాస్టారు సెప్పినారంటే ఆలోచించే సెప్తారు మావా. నాను కోస్తాను."

గణపతి తల్లి కొండలమ్మ చేపల తట్ట పక్కన కూర్చుని కొడుకునీ మాస్టారినీ మార్చి మార్చి చూసింది. "మా గుంటడు మీ మాటంటే నిప్పుల్లోనైనా దూకీసీ రకం. మీరే సూసుకోవాల మరి," అంది.

"నాదీ పూచీ కొండలమ్మా," అన్నాడు జోసఫ్ రాజు.

2007 జనవరిలో ఒకరోజు పొద్దున్నే గణపతి సెల్లు నుంచి ఫోను వచ్చింది. "మాస్టారూ, పడినాది! పెద్దది. ఒళ్ళంతా సుక్కలే. వల సుట్టుకుపోనాది. ఇప్పుడే కోసి వదిలీమంటారా?"

జోసఫ్ రాజు గుండె గంతులేసింది. చొక్కా వేసుకుంటూనే శాలినికి ఫోను చేశాడు. ఆమె కూడా అంతే సంబరపడింది. "సర్, మేం రెండు మూడు గంటల్లో వచ్చేస్తాం. ఫొటోగ్రాఫర్‌ని తీసుకొస్తాను. ఇది రాష్ట్రమంతా చూడాలి. చూస్తేనే మిగతా పల్లెలు నేర్చుకుంటాయి. అప్పటిదాకా ఆగమనండి."

ఆయన గణపతికి ఆగమని చెప్పాడు. వెనక నుంచి నూకయ్య గొంతు వినిపించింది. ఇప్పుడయితే అలిసిపోయి నెమ్మదిగా ఉంది, ఊపిరి తీసుకుందంటే తన్నడం మొదలెడతాదని. గణపతి ఆ మాట చెప్పాడు కూడా. "కొంచెంసేపేరా, వచ్చేస్తున్నాను," అన్నాడు జోసఫ్ రాజు.

చేప ఉన్న వలని నీళ్ళలోనే లంగరుకి కట్టి ఉంచారు. ఎండెక్కాక ఒడ్డు నుంచి రెండు తెప్పలు బయల్దేరాయి. నూకయ్య, గణపతి ఒకదాంట్లో. మాస్టారు, శాలిని, ఫొటోగ్రాఫరు ఇంకోదాంట్లో. దగ్గరికి వెళ్ళాక జోసఫ్ రాజు తెప్ప అంచు పట్టుకుని ముందుకు వంగాడు. ఆకుపచ్చ నీళ్ళలో, చెయ్యి చాపితే అందేంత లోతులో, నల్లటి వీపు. దాని మీద వరసలు వరసలుగా తెల్లచుక్కలు. తల దగ్గర వల బిగుసుకుని ఉంది. చిన్న కన్ను ఒకటి ఇటే చూస్తున్నట్టుంది. సున్నంతో తను గీసిన బొమ్మ ఆయనకి ఎంత వెలితిగా అనిపించిందో.

నూకయ్య పొడుగాటి గెడకి కత్తి కట్టి సిద్ధంగా ఉన్నాడు. "తెప్పలోంచే కోసీగలం. ఎవుడూ దిగక్కర్లేదు."

ఫొటోగ్రాఫరు కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు. "ఇటు నుంచి వీళ్ళ వీపులు తప్ప ఏం కనపడటం లేదు. చేప పక్కన నీళ్ళలో ఒక మనిషి ఉంటే… అదండీ ఫొటో అంటే."

శాలిని మాస్టారి వైపు తిరిగింది. "అలా కుదురుతుందా సర్? ప్రమాదం అయితే వద్దు."

జోసఫ్ రాజు గణపతిని చూశాడు. గణపతి అప్పటికే ఆయన్నే చూస్తున్నాడు. మోకాళ్ళు కొంచెం వంచి, గీత మీద నిలబడినప్పుడు నిలబడినట్టే. వద్దనడానికి బోలెడు సమయం ఉంది. నూకయ్య చెప్పిన మాట చెవిలోనే ఉంది. కానీ ఆ క్షణంలో ఆయన కళ్ళ ముందు కదిలింది పేపరు మొదటి పేజీ. మెడలో ఉన్న ఈల నోట్లోకి వెళ్ళింది. పొట్టిగా ఒకసారి ఊది, నీళ్ళకేసి చెయ్యి చాపాడు.

"ఒద్దురా!" అని నూకయ్య అరిచేలోపే గణపతి దూకేశాడు.

మొదట అంతా బాగానే జరిగింది. గణపతి ఎడమచెయ్యి చేప వీపు మీద ఆనించి, మొలలో దోపుకున్న కత్తి కుడిచేత్తో తీసి వల తాళ్ళు ఒక్కొక్కటీ కోశాడు. కెమెరా టకటకలాడింది. శాలిని చప్పట్లు కొట్టింది. ఆఖరి తాడు తెగబోతుండగా చేప ఒళ్ళు విరుచుకుని ఒక్కసారిగా కిందకి మళ్ళింది. వల పైతాడు గణపతి మణికట్టుకి చుట్టుకుని బిగిసిపోయింది. అతను నీళ్ళ కిందకి వెళ్ళిపోయాడు. నూకయ్య గెడ కత్తితో పిచ్చిపట్టినట్టు ఆ తాడు మీద కొట్టి కొట్టి తెంపాడు.

చేప వెళ్ళిపోయింది. గణపతి తేలాడు. కుడిచెయ్యి చూసి శాలిని కళ్ళు మూసుకుంది.

తునిలో కట్టు కట్టి విశాఖపట్నం పంపించారు. పెద్దాసుపత్రిలో డాక్టర్లు రెండు రోజులు చూసి, లాభం లేదని మణికట్టు దాకా తీసేశారు.

వార్డు బయట వరండాలో కొండలమ్మ కూర్చుని ఉంది. జోసఫ్ రాజు ఫ్లాస్కులో టీ తెచ్చిచ్చాడు. ఆవిడ తాగలేదు.

"మాస్టారూ, ఒక మాట అడుగుతాను. మా గుంటడు తనంతట తనే దూకీసినానంటన్నాడు. మా నూకయ్య ఇంకో మాట సెప్తన్నాడు. మీరు ఎదర ఉన్నారు. ఏటి జరిగింది?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకి తెలుసు. తునిలో కారు ఎక్కినప్పటి నుంచీ తెలుసు. నిజమే చెప్పాలనుకున్నాడు. దారి పొడుగునా ప్రార్థన కూడా చేసుకున్నాడు. ఆవిడ మొహం చూశాక నాలుక ఇంకోలా తిరిగింది.

"తనే దూకాడమ్మా. నేను వద్దనేలోపే దూకేశాడు."

కొండలమ్మ టీ గ్లాసు అందుకుంది.

ఫొటో ఆయన అనుకున్నట్టే పేపరు మొదటి పేజీలో వచ్చింది. చుక్కల చేప పక్కన తడిసిన జుట్టుతో గణపతి, వీపు మీద చెయ్యి. కింద చివరి వాక్యంలో మత్స్యకారుడికి గాయమైందని ఉంది. స్కూలు అసెంబ్లీలో హెడ్‌మాస్టరు చదివి వినిపించారు. చర్చిలో మాస్టారి పేరు చెప్పి దేవుడికి స్తుతి చెల్లించారు. జోసఫ్ రాజు తలొంచుకుని నిలబడితే, పొగడ్తకి సిగ్గుపడుతున్నాడనుకున్నారు. శాలిని సంఘం గణపతికి కొత్త వల ఇచ్చింది. రెండు చేతులుంటే గానీ లాగలేని వల.

శాలినితో ఒకసారి అన్నాడు. "ఆ రోజు నేను ఈల వెయ్యకపోతే…"

"నాక్కూడా నిద్ర పట్టటం లేదు సర్. అడిగింది మేమే కదా. కానీ ఆ ఫొటో చూసి ఇంకో మూడు పల్లెలు చేపని వదుల్తామన్నాయి. అది కూడా నిజమే."

రెండూ నిజమే. ఏ ఒక్కటీ రెండో దాన్ని తుడవలేదు. గ్రౌండులో ఈల నోట్లో పెట్టుకుంటే ఊపిరి రావటం మానేసింది. చప్పట్లు కొట్టి పిల్లల్ని పిలిచేవాడు. "ఈల ఏదండీ?" అని సువర్ణమ్మ అడిగితే పోయిందన్నాడు. అదీ అబద్ధమే. ఒకటి ఆడాక ఇంకోటి ఆడటం ఇంత తేలికా అని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

ఆ ఏడాది చివర్లో జపాను వాళ్ళు గూని తిమింగలాల్ని కూడా వేటాడతామని ప్రకటించారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో శాలిని వాళ్ళు ఊరేగింపు పెట్టారు. తప్పించుకోలేక వెళ్ళాడు. కాలేజీ పిల్లలు, టీచర్లు, అట్టలతో చేసిన తిమింగలం తలలు. ముందు పట్టుకున్న బ్యానరు మీద ఒక మనిషి ఎత్తున గణపతి ఫొటో. తెల్లచుక్కల పక్కన కత్తి పట్టుకున్న కుడిచెయ్యి, అయిదు వేళ్ళతో, స్పష్టంగా.

"మాస్టారు ఈల వేసి మొదలుపెడతారు!" అని ఎవరో మైకులో అన్నారు. ఎవరో చేతిలో ఈల పెట్టారు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"నావల్ల కాదమ్మా," అని ఈల శాలిని చేతిలో పెట్టి, జనంలోంచి బయటికొచ్చి, కనపడిన ఆటో ఎక్కి బస్సుల కాంప్లెక్స్‌కి వెళ్ళి తుని బస్సెక్కేశాడు.

రాళ్లదిబ్బలో కొండలమ్మ ఇసక మీద పరిచిన చేపల్ని తిరగేస్తోంది. ఆయన చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"కొండలమ్మా, ఆసుపత్రిలో నీకు అబద్ధం చెప్పాను. గణపతి తనంతట తను దూకలేదు. నేను ఈల వేసి దిగమన్నాను. ఫొటో కోసం."

ఆవిడ చేతులు ఆగలేదు. ఇంకో వరస చేపలు తిరగేసింది. ఆ తర్వాత చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"నూకయ్య ఆ రోజే సెప్పినాడు. ఆడు నా తమ్ముడు, నా సేతుల్లో పెరిగినోడు. కన్నకొడుకేమో అది కాదంటన్నాడు. ఎవుల మాట నమ్మాలో తెలీక మిమ్మల్ని అడిగినాను. మీరు సదువుకున్నోరు, ప్రార్థన సేసుకునేవోరు. మీ మాట ఇని, నా తమ్ముణ్ణి పట్టుకుని, నీ తప్పు మాస్టారి మీదకి తోసీస్తావా అని నానా మాటలూ అన్నాను. ఆ రోజు నుంచీ ఆడు నా గుమ్మం తొక్కలేదు. నానూ ఆడి గుమ్మం తొక్కలేదు. పక్కిల్లే."

ఆయనకి ఇది తెలీదు. చెయ్యి ఒక్కటే పోయిందనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"నన్ను ఏమన్నా పడతానమ్మా."

"మిమ్మల్ని అని నాకేటొస్తాది? ఎల్లి ఆడికి సెప్పండి."

నూకయ్య గుమ్మంలో అన్నం తింటున్నాడు. మాస్టారు చెప్పింది విన్నాడు. "నా కళ్ళతో సూసినాను బాబూ, నాకు సెప్తారేటి? మా అక్కకి సెప్పండి."

"చెప్పే వచ్చాను."

నూకయ్య ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. కంచం పక్కకి పెట్టి, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, మాస్టారి పక్కనుంచే బయటికి నడిచాడు. కొండలమ్మ ఆరబెట్టిన చేపల దగ్గరికి వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో ఆయనకి వినపడలేదు. కొండలమ్మ తమ్ముడి భుజం మీద ఒక దెబ్బ వేసి ఏడవడం మాత్రం కనపడింది. మాస్టారి వైపు వాళ్ళు మళ్ళీ చూడలేదు. ఆయన అక్కడ ఉండక్కర్లేదు.

తిరిగి వెళుతుంటే గణపతి వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. వార్త అప్పుడే అందినట్టుంది. మొహం ఎర్రగా ఉంది.

"ఎందుకు సెప్పీసినారు మాస్టారూ?"

"నిజం కదరా."

"నాను అందరికాడా కాదన్నాను కదా. మా మావ ఎదటే ఒట్టేసినాను. ఇప్పుడు మా యమ్మకాడ నాను అబద్ధాలకోరునైపోనాను. మీ మీద మాట రాకూడదని…" కాలితో ఇసక తన్నాడు. "మీ గుండె బరువు దింపుకోడానికి వొచ్చినారు. నన్ను ఒక్క మాట అడిగినారా?"

అడగలేదు. ఆ రోజు తెప్పలోనూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు.

"నీకు కోపం లేదా నా మీద?" అన్నాడు చివరికి.

గణపతి సముద్రం వైపు చూశాడు. "ఈల పడినాక ఆగితే నానేటి ఆటగాణ్ణి? దూకింది నాను. కానీ మాస్టారూ, మీరు ఊదకుండా ఉండాల్సింది." అని మొండిచెయ్యి చంకలో దాచుకుని వెనక్కి తిరిగిపోయాడు. అంతకు మించి పెద్ద మాట అతని నోట రాలేదు. ఆ ఒక్క మాటే బస్సులో నర్సీపట్నం దాకా జోసఫ్ రాజు పక్కన కూర్చుంది.

జపాను వాళ్ళు ఆ చలికాలం గూని తిమింగలాల జోలికి వెళ్ళబోమన్నారని శాలిని ఫోను చేసింది. సంతోషం అన్నాడు. నిజంగానే సంతోషించాడు. ఆ సంతోషాన్ని ఎవరికీ చెప్పుకోవాలనిపించలేదు.

2008 జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు గణపతి కూతుర్ని హాస్టల్లో చేర్చడానికి నర్సీపట్నం వచ్చాడు. భార్య లోవమ్మ ఆఫీసులో సంతకాలు పెడుతోంది. పాయకరావుపేట సంతలో వలల కొట్టు చూసుకుంటున్నానని, మామ తెప్పలో వాటా ఉంచాడని చెప్పాడు. మాటలు ముభావంగా ఉన్నా మనిషి ఎదురొచ్చి పలకరించాడు. జోసఫ్ రాజుకి అదే ఎక్కువ.

"మొన్న మాఘమాసంలో ఇంకోటి పడినాది మాస్టారూ," అన్నాడు గణపతి ఉన్నట్టుండి. "దానికన్నా పెద్దది. మా మావే తెప్పలోంచి గెడ కత్తితో కోసి వదిలీసినాడు. పొద్దు పొడిచేసరికే ఎల్లిపోనాది."

జోసఫ్ రాజు మొహం వెలిగింది. "నాకు కబురు చెయ్యలేదేంరా?" అనేశాడు. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు.

"నాను సేద్దామనే అన్నాను. మా యమ్మ ఒద్దంది. మాస్టారికి సెప్తే ఆగమంటారు, దాన్ని అంతసేపు కట్టి ఉంచొద్దు అంది."

ఆయన తలూపాడు. "మంచి పని చేసింది," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. చేప బతికింది, మనుషులు క్షేమంగా ఉన్నారు. ఇంకేం కావాలి? అయినా లోపల ఎక్కడో, తను చూడలేకపోయాననే చిన్న బాధ మిగిలింది. ఇంత జరిగాక కూడా ఆ కోరిక చావలేదని తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

కూతురి ట్రంకుపెట్టె తాడు ఊడిపోయింది. గణపతి వంగి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో ముడి బిగించబోయాడు. జోసఫ్ రాజు గబగబా ముందుకొచ్చి చెయ్యి సాయం పట్టబోయాడు.

"ఉండండి మాస్టారూ. నాను కట్టుకోగల్ను," అన్నాడు గణపతి.

ఆయన ఆగాడు. ముడి పడేదాకా పక్కనే నిలబడ్డాడు.